చిల్లు రోజు

ఆఫీసులో ఆమెను అందరూ తేదీలక్క అంటారు. అసలు పేరు ఉద్యోగంలో చేరిన రోజున ఎవరో రాసుకున్నారు, ఆ తరవాత దానితో ఎవరికీ పనిపడలేదు. మేనేజరు ఆమెకంటే పదేళ్లు పెద్ద. ఆయనకీ అక్కే.

ఆ ఆఫీసువాళ్లది ఆస్పత్రుల పని. సూదులూ మందులూ కాదు. ఫలానా రోజున ఫలానా డాక్టరు దగ్గరికి రావాలి, మరిచిపోకండి అని రోగుల ఫోన్లకి మెసేజీలు పంపే ప్రోగ్రాము. వినడానికి ఓస్ ఇంతేనా అనిపిస్తుంది. ఇంతేనా అన్న ప్రతివాడూ ఏడాది తిరక్కుండా తల పట్టుకుని, తేదీలక్క కుర్చీ పక్కకి స్టూలు లాక్కుని కూర్చున్నవాడే.

నెల తరవాత మళ్లీ రమ్మని డాక్టరు నోటిమాటగా అనేస్తాడు. జనవరి ముప్పై ఒకటిన అన్నాడనుకోండి. ఫిబ్రవరిలో ముప్పై ఒకటి ఎక్కణ్నుంచి పట్టుకొచ్చేది? మనిషైతే నెలాఖర్లో ఎప్పుడో ఒకప్పుడు వెళ్లి బెంచీ మీద కూర్చుంటాడు. మెషీనుకి ఆ మాత్రం సర్దుకుపోవడం చేతకాదు. ఒక మెషీను మార్చి మూడో తేదీన రమ్మంటుంది, ఇంకోటి లేని రోజున రమ్మని మెసేజి కొట్టి చేతులు దులుపుకుంటుంది. ఇక తేదీ రాసే తీరు వేరే తంటా. నాలుగు, ఐదు అని రెండంకెలు పక్కపక్కన ఉంటే అది నాలుగో నెలలో ఐదో రోజా, ఐదో నెలలో నాలుగో రోజా? చెప్పి చావకపోతే మెషీను తనకి తోచినట్టు చదువుకుంటుంది. ఇలాంటి చిక్కుముళ్లన్నీ విప్పేది తేదీలక్కే. విప్పి, మళ్లీ పడకుండా టెస్టులు రాసి పెడుతుంది. టెస్టు అంటే ప్రోగ్రాముకి రోజూ పొద్దున పెట్టే పరీక్ష. ఉత్తుత్తి రోగి, ఉత్తుత్తి డాక్టరు, ఉత్తుత్తి తేదీ; ప్రోగ్రాము సరిగా చదువుతోందా లేదా అని.

ఆమెకి నలభై నాలుగేళ్లు. ఇంట్లో ఒక్కతే. తల్లి ఉన్నప్పటి రెండు గదుల అద్దె ఇల్లే ఇప్పటికీ. తాళం తీసి లోపలికి వెళ్తే పలకరించేది ఫ్రిజ్ ఒక్కటే, అదీ ఉండుండి గుర్రుమంటుంది. కంచాలు నాలుగున్నాయి, కడిగేది ఒక్కటి. మిగతా మూడింటినీ నెలకోసారి దుమ్ము దులిపి మళ్లీ అక్కడే పెడుతుంది. ఆదివారాలంటే ఆమెకి భయం. పొద్దున్నించి సాయంత్రం దాకా గొంతు పెగిలే అవసరమే రాదు. సోమవారం ఆఫీసు గేటు దగ్గర కాపలాదారు నమస్తే అంటే, మొదటి మాట బొంగురుగా వస్తుంది.

అందుకే పదకొండు గంటల టీ అంటే ఆమెకి ప్రాణం. ఆ వేళకి ఫోన్ల వదిన తన గాజుగది లోంచి బయటికి వస్తుంది. రోగుల ఫోన్లు ఎత్తేదీ, మెసేజీలకి వాళ్లిచ్చే తిక్క జవాబులు చూసేదీ వదినే. ప్రతి మెసేజీ చివరా ఒక ముక్క ఉంటుంది: రాగలిగితే 1 పంపండి, రాలేకపోతే 2 పంపండి, వేరే రోజు కావాలంటే ఆ తేదీ పంపండి. ఒకట్లూ రెళ్లూ మెషీను చూసుకుంటుంది. అంకెల్లో ఉన్న తేదీలూ చూసుకుంటుంది. దాని బుర్రకి ఎక్కనివి మాత్రం వదిన ముందు పడతాయి. వాటిని పోగేసి టీ దగ్గర చదివి వినిపించడం వదినకి సరదా.

ఆ సోమవారం కూడా అలాగే మొదలుపెట్టింది.

"వినండి. 'మా ఆయన వచ్చాక' అట. ఆయనెప్పుడొస్తాడో ఈవిడకే తెలీదు, మెషీనుకేం తెలుస్తుందమ్మా?"

"ఇంకో తేదీ ఉంటే చూడు వదినా," అన్నాడు సర్వర్ల బాబాయి. ఆఫీసులో మెషీన్లన్నీ ఆయన చేతికింద ఉంటాయి. చొక్కా జేబులో ఎప్పుడూ స్క్రూడ్రైవరు, దాన్ని వాడగా చూసినవాళ్లు లేరు.

"ఇదిగో, 'వాన తగ్గాక'."

"ఏ వాన?"

"అదే కదా! ఇంకొకాయన రాశాడు, 'ఇప్పుడు నొప్పి లేదు, వచ్చినప్పుడు నేనే వస్తాను' అని. మహానుభావుడు." వదిన కళ్లద్దాలు సర్దుకుంది. "ఇవాళ్టి మొనగాడు మాత్రం ఇదీ. రెండే రెండు మాటలు. 'చిల్లు రోజు'."

అందరూ గొల్లుమన్నారు.

"పన్నుకి చిల్లు పడ్డ రోజేమో," అన్నాడు బాబాయి.

"మూడుసార్లు పంపింది మహాతల్లి. 'తేదీ అర్థం కాలేదు, అంకెల్లో పంపండి' అని మెషీను అంటుంది, ఈవిడ మళ్లీ చిల్లు రోజు అంటుంది. మెషీనుకీ ఈవిడకీ మధ్య పంతం. తేదీలక్కా, నీ దగ్గర లేని తేదీ లేదు కదా, చెప్పు. చిల్లు రోజంటే ఏ రోజు?"

తేదీలక్క నోట్లో టీ నోట్లోనే ఉండిపోయింది.

"ఎవరా పేషెంటు?" అంది.

"అదింకా విచిత్రం. పేరు చిట్టి. ఇంటిపేరు పరీక్ష. పరీక్ష చిట్టి! ఇలాంటి ఇంటిపేరు నేను పుట్టి బుద్ధెరిగి వినలేదు."

మళ్లీ నవ్వులు. తేదీలక్క కప్పు బల్ల మీద పెట్టి, "పనుంది," అని లేచి వెళ్లిపోయింది. పదకొండు గంటల టీ సగంలో వదిలేసి ఆమె లేవడం అదే మొదలు. వదిన బాబాయి మొహం చూసింది, బాబాయి వదిన మొహం చూశాడు.

చిల్లు రోజంటే ఏమిటో ఈ లోకంలో తెలిసినవాళ్లు ఇద్దరే మిగిలారు. ఒకరు తేదీలక్క. రెండోది ఆమె చెల్లెలు చిట్టి.

వాళ్లిద్దరూ స్కూల్లో చదివే రోజుల్లో ఒకనాడు వంటింట్లో కుక్కరు పేలింది. మూత ఒకవైపు ఎగిరింది. వెయిటు మాత్రం తుపాకీ గుండులా దూసుకొచ్చి గోడ మీద క్యాలెండరుకి తగిలి, ఆ నెల కాగితాన్నీ దాని కింద నెలలన్నిటినీ చీల్చుకుని గోడలో దిగబడింది. అదృష్టం, ఎవరికీ దెబ్బ తగల్లేదు. తల్లి తేరుకున్నాక క్యాలెండరు దగ్గరికి వెళ్లి చూసింది. వెయిటు పట్టుకుపోయింది నాలుగో వరసలో బుధవారాన్ని. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని తీర్పు చెప్పింది: "ఈ నెలలో ఈ రోజు లేదు. లేని రోజున నేను వంట చెయ్యను."

ఆ రోజు తండ్రి బయటి నుంచి తిండి పట్టుకొచ్చాడు. నలుగురూ పొట్లాలు విప్పుకుని నేల మీద కూర్చుని తిన్నారు. పై నెలలో కాగితం తిప్పితే చిల్లు అక్కడే ఉంది, మళ్లీ నాలుగో వరస బుధవారం మీదే. "ఇదీ లేదు," అంది తల్లి. అలా ఏడాది గడిచింది. కొత్త క్యాలెండరు వచ్చినప్పుడు పిల్లలిద్దరూ మొహాలు వేలాడేసుకుంటే, తండ్రి పాత మేకు ఒకటి తెచ్చి, సరిగ్గా అదే గడి మీద పెట్టి సుత్తితో ఒక్కటి వేశాడు. పన్నెండు నెలలకీ ఒకే దెబ్బలో చిల్లు పడింది. ఆ ఇంట్లో నెలకో రోజు పొయ్యి వెలగదు. దాని పేరు చిల్లు రోజు.

అందులో ఒక కిటుకుంది. నాలుగో వరస బుధవారం అంటే నాలుగో బుధవారం అని కాదు. నెల గురువారమో శుక్రవారమో మొదలైతే మొదటి వరసలో బుధవారం గడి ఖాళీగా ఉంటుంది, అప్పుడు నాలుగో వరసలో పడేది మూడో బుధవారం. క్యాలెండరు తీయకుండా వచ్చే నెల చిల్లు రోజు ఏ తేదీనో చెప్పడం అక్కాచెల్లెళ్ల పందెం. అక్క ఎప్పుడూ గెలిచేది. "దీని బుర్రలో క్యాలెండరు పెట్టి కుట్టేశావమ్మా," అని చిట్టి తల్లితో తగూ పెట్టుకునేది. తేదీలక్క తేదీలక్క అయింది అక్కడే.

తండ్రి పోయాడు, తరవాత తల్లి పోయింది. అక్కా చెల్లెలూ మిగిలారు. కొత్తగా ఈ ఉద్యోగంలో చేరి టెస్టులు రాస్తున్న రోజుల్లో, ఉత్తుత్తి రోగికి పేరు కావాల్సివచ్చి, ఇంట్లో ఎదురుగా కనపడ్డ మనిషి పేరే పెట్టింది: పరీక్ష చిట్టి. ఫోను నంబరు కూడా చిట్టిదే. మెసేజి నిజంగా వెళ్తోందో లేదో చూడాలంటే నిజం ఫోను ఒకటి ఉండాలి కదా. పక్క గదిలో ఫోను కుయ్‌మనేది, "అక్కా, నీ మెషీను మళ్లీ నన్ను ఆస్పత్రికి లాక్కెళ్తోంది!" అని చిట్టి అరిచేది. ఇద్దరూ నవ్వుకునేవాళ్లు.

టెస్టుల్లో 'ఈరోజు' అన్నది నిజం ఈరోజు కాకూడదు. ఇవాళ నెగ్గిన టెస్టు రేపు ఓడిపోతే, తప్పు ప్రోగ్రాముదా కాలానిదా తేలదు. అందుకని ఏదో ఒక రోజుకి మేకు కొట్టేసి, దాన్నే ఎప్పటికీ ఈరోజు అనుకోమని మెషీనుకి చెబుతారు. తేదీలక్క ఒక ఆదివారానికి మేకు కొట్టింది. ఎందుకంటే మర్నాడు సోమవారం చిట్టి పెళ్లి. పెద్ద హంగామా లేదు, రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాల పెళ్లి. పిల్ల తరఫు సాక్షి అక్క. తనకి గుర్తుండాలని ఆ ముహూర్తాన్నే టెస్టులో రాసుకుంది. రేపు సోమవారం ఉదయం పది గంటలకి మీ అపాయింట్‌మెంట్, రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల దగ్గర, మరిచిపోకండి.

ఆ సోమవారం ఆమె పొద్దున్నే ఆఫీసుకి వెళ్లింది, అరగంటలో వచ్చేస్తానని. వెళ్లేసరికి ఆఫీసు కొంప మునిగి ఉంది. నెలా రోజూ తారుమారై, రావాల్సిన రోగులు రాక, రాకూడని రోగులు ఆస్పత్రుల ముందు బారులు తీరారు. ఫోన్ల మీద ఫోన్లు. ఆమె తన ఫోనుని సొరుగులో పడేసి కూర్చుంది. ఇంకో పది నిమిషాలు, ఇంకో పది నిమిషాలు. తలెత్తేసరికి చుట్టూ అందరూ భోజనం డబ్బాలు తెరుస్తున్నారు.

ఆ సాయంత్రం చిట్టి ఇంటికి వచ్చి పెట్టె సర్దుకుంది. ఏడవలేదు, అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఊళ్లో ప్రతి పంటినొప్పికీ తేదీ గుర్తుచేస్తావు," అంది గుమ్మంలో నిలబడి. "నాకు మాత్రం ఎదురుగా జిరాక్స్ షాపాయన వచ్చి సాక్షి సంతకం పెట్టాడు. ఆయన పేరు కూడా నాకు తెలీదక్కా."

ఆరేళ్లయింది. మొదట్లో తేదీలక్క ఫోన్లు చేసింది, అవతల ఎత్తలేదు. తరవాత ఎత్తుతుందేమో అని భయం వేసి చెయ్యడం మానేసింది. ఎత్తితే ఏం చెప్పాలి? చిట్టి వేరే ఊళ్లో ఉంటోందనీ, పాప పుట్టిందనీ ఎవరో చెబితే విన్నది. టెస్టుల్లోంచి మాత్రం చెల్లెలి పేరు తీయలేదు, నంబరు తీయలేదు, మేకు కొట్టిన ఆదివారాన్నీ పీకలేదు. ఉత్తుత్తి మెసేజీలు బయటికి పోకుండా ఒక స్విచ్ వేయించి ఊరుకుంది. రోజూ పొద్దున మెషీను ఆ ఆదివారం లోకి వెళ్తుంది. ఆ ఆదివారంలో పెళ్లి ఇంకా రేపే. ఏదీ చెడిపోలేదు.

ఆ స్విచ్ ఇప్పుడు పోయింది. అది కనుక్కోవడానికి ఆమెకి ఎక్కువసేపు పట్టలేదు. సర్వర్ల బాబాయి ఈమధ్య పాత మెషీను తీసేసి కొత్తది పెట్టాడు. అన్నీ మోసుకొచ్చాడు, ఆ ఒక్క స్విచ్ మరిచిపోయాడు. అప్పట్నించీ రోజూ పొద్దున చిట్టి ఫోనుకి నిజంగా మెసేజి వెళ్తోంది. రేపు సోమవారం ఉదయం పది గంటలకి మీ అపాయింట్‌మెంట్, రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల దగ్గర, మరిచిపోకండి. మంగళవారం వచ్చినా అదే, శుక్రవారం వచ్చినా అదే. ఎవరు మరిచిపోయారో వాళ్లు పంపకూడని మెసేజి అది.

చిట్టి ఏమనుకుని ఉంటుంది? ఎత్తిపొడుస్తున్నాననుకుందా?

వదిన గాజుగది తలుపు తట్టి, "ఆ చిట్టి ముందేమైనా పంపిందా?" అని అడిగింది.

వదిన మీటలు నొక్కి చూసింది. "మొదటిరోజు 'ఎవరు' అని పంపింది. ఆ తరవాత రోజూ రెండు. రెండు, రెండు, రెండు. మన మెషీను 'మీ అపాయింట్‌మెంట్ రద్దయింది, ధన్యవాదాలు' అంటుంది, మర్నాడు మళ్లీ రమ్మంటుంది. సిగ్గులేని మెషీను. పోయిన వారం నుంచి ఈ చిల్లు మొదలైంది." తలెత్తి చూసింది. "ఎవరక్కా? నీ మొహం చూస్తే..."

"మా చెల్లెలు."

వదిన కుర్చీ ఇటు తిప్పుకుంది. మెల్లగా అంది, "మరి ఫోన్ చేసి మాట్లాడొచ్చుగా."

తేదీలక్క తన బల్ల దగ్గరికి వచ్చి ఫోను చేతిలోకి తీసుకుంది. నంబరు వేళ్లకి వచ్చు. చివరి అంకె దగ్గర వేలు ఆగిపోయింది. పడుకోబెట్టి మళ్లీ తీసింది. నాలుగోసారి కూడా అక్కడే ఆగింది. నోరు తెరిస్తే ముందు ఏ మాట రావాలో తెలీని మనిషి ఏం మాట్లాడుతుంది?

స్విచ్ వేసేసి, నంబరు తీసేసి, అది ఉత్తుత్తి రోగి అని చెప్పి చేతులు దులుపుకోవచ్చు. ఐదు నిమిషాల పని. ఎవరూ ఏమీ అడగరు. కానీ చిట్టి మూడుసార్లు పంపింది. మెషీను అర్థం కాలేదన్న ప్రతిసారీ మళ్లీ పంపింది. చిట్టికి మెషీన్లతో పంతమేమిటి? ఆ మాట మెషీనుకి కాదు. మెషీను వెనకాల ఎవరైనా ఉన్నారా అని తలుపు తడుతోంది. ఉంటే తెలుస్తుంది, లేకపోతే అర్థం కాలేదంటుంది. ఇప్పటికి మూడుసార్లు అర్థం కాలేదన్నారు.

తేదీలక్క ఫోను సొరుగులో పెట్టబోయి, మళ్లీ తీసి బల్ల మీదే పెట్టింది. కీబోర్డు దగ్గరికి లాక్కుంది.

ఆమెకి మాట రాదు గానీ ప్రోగ్రాము వచ్చు. పరీక్ష చిట్టి నుంచి చిల్లు రోజు అనే మాట వస్తే ఏం చెయ్యాలో మెషీనుకి రాయడం మొదలుపెట్టింది. నెల మొదటి రోజు ఏ వారమో చూడు. వారాలని వరసలుగా పేర్చు. నాలుగో వరసలో బుధవారం గడి ఏ తేదీనో తీసుకో. అది దాటిపోయి ఉంటే పై నెలది తీసుకో. గట్టిగా పది వరసలు లేవు. రాస్తుంటే సుత్తి దెబ్బ చెవిలో వినపడింది.

ఇద్దరు చూడనిదే ఏ మార్పూ లోపలికి పోకూడదని ఆ ఆఫీసులో రివాజు. సర్వర్ల బాబాయిని పిలిచింది. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి తెరకి ముక్కు ఆనించి చదివాడు.

"నాలుగో వరస... బుధవారం... ఇదేం లెక్కమ్మా? ఏ ఆస్పత్రి అడిగింది?"

"ఆస్పత్రి కాదు బాబాయ్. ఒక పేషెంటు."

"ఒక్క పేషెంటు కోసమా?"

"ఒక్కత్తే."

ఆయన తల గోక్కున్నాడు. మేనేజరు గది వైపు ఓ చూపు వేశాడు. పొద్దున వదిన చదివింది బాబాయి కూడా విన్నాడు కదా. స్విచ్ సంగతీ అప్పటికి ఆయనకి తెలిసింది.

"ఫిబ్రవరికి నాలుగో వరస ఉంటుందా?" అన్నాడు చివరికి.

"ఎప్పుడూ ఉంటుంది."

"అయితే బానే ఉంది," అని సరేనని మీట నొక్కేశాడు. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "ఇప్పుడు స్విచ్ వేసేస్తే నీ జవాబు బయటికి పోదు. రేప్పొద్దున టెస్టుల వేళ లోగా వేస్తాలే," అన్నాడు నెమ్మదిగా.

సాయంత్రం లోపల మెషీను చిట్టి పాత మెసేజికి జవాబిచ్చింది: సరే. చిల్లు రోజు, బుధవారం ఇరవయ్యో తేదీ, ఉదయం పది గంటలకి. రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల దగ్గర. రాగలిగితే 1 పంపండి, రాలేకపోతే 2 పంపండి.

అవతలి నుంచి ఏమీ రాలేదు. మర్నాడు టీ దగ్గర వదిన ఏ తిక్క జవాబూ చదవలేదు. తేదీలక్క వైపు చూసి తల అడ్డంగా ఊపింది, అంతే. ఆ మర్నాడూ అంతే. ఒకటీ లేదు, రెండూ లేదు. ఆదివారం రోజంతా తేదీలక్క ఇల్లు దులిపింది. పాత మేకుల డబ్బా దొరికింది గానీ, మేకు కొట్టడానికి ఇంట్లో క్యాలెండరు లేదు. ఆరేళ్ల నుంచి కొనలేదు. తేదీలన్నీ బుర్రలోనే ఉంటే క్యాలెండరెందుకు అనుకుంది, ఎవరైనా అడిగితే చెబుదామని. ఎవరూ అడగలేదు.

బుధవారం ఆమె సెలవు పెట్టింది. మేనేజరు ఆశ్చర్యపోయి, "ఒంట్లో బాలేదా అక్కా?" అన్నాడు. "అపాయింట్‌మెంట్ ఉంది," అంది.

రిజిస్ట్రారు ఆఫీసు తలుపులు తెరవకముందే వెళ్లి మెట్ల మీద కూర్చుంది. ఫోను ఒళ్లో పెట్టుకుంది, మోత పూర్తిగా పెంచి. ఊడ్చేవాడు వచ్చి చీపురుతో ఆమె చుట్టూ ఊడ్చి పోయాడు. ఎదురుగా జిరాక్స్ షాపు అప్పటికే తెరిచి ఉంది. బట్టతలాయన బయటికి వచ్చి బోర్డు తుడుచుకుంటున్నాడు. ఆయనేనా? అడగడానికి మొహం చెల్లలేదు. ఎవరెవరో వస్తున్నారు, మెట్లెక్కుతున్నారు. వీధి మలుపు దగ్గర ఆడమనిషి కనపడితే చాలు, సగం లేచి మళ్లీ కూర్చుంటోంది. చిట్టి ఇప్పుడెలా ఉంటుందో? లావైందేమో. నడక మారిందేమో. పక్క నుంచి పోయినా తను గుర్తుపట్టలేకపోతే?

పది అయింది. ఎవరూ రాలేదు.

ఇంతలో లోపలి నుంచి ఒక పెళ్లికొడుకు హడావుడిగా మెట్లు దిగాడు. మెళ్లో దండ, మొహాన చెమట.

"అమ్మా, మీరు కాస్త సాయం చేయాలి. మా సాక్షి రాలేదు. ఫోను ఎత్తట్లేదు. ఒక్క సంతకం. మళ్లీ మా వంతు పోతుంది."

తేదీలక్క లేవబోయి ఆగింది. లోపలికి వెళ్తే ఎంతసేపు పడుతుందో. ఆ ఒక్క నిమిషంలో చిట్టి వచ్చి, మెట్లు ఖాళీగా చూసి వెళ్లిపోతే? మళ్లీ అదే చోట, మళ్లీ అదే తప్పు.

"నేను ఇక్కణ్నుంచి కదలలేను బాబూ," అంది. ఆ అబ్బాయి మొహం వాడిపోయింది. వెనక తలుపు దగ్గర పెళ్లికూతురు, పట్టుచీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని, మలుపు వైపే చూస్తోంది. రాని మనిషి కోసం. ఆ రోజు చిట్టి ఇక్కడే, ఇలాగే నిలబడి ఉంటుంది.

"రిజిస్టరు ఇక్కడికి తెస్తే పెడతాను," అంది.

గుమాస్తా సణుక్కుంటూ రిజిస్టరు మెట్ల మీదికే తెచ్చాడు. ఆమె మోకాళ్ల మీద పెట్టుకుని సంతకం చేసింది. పక్కన తేదీ వేయాలి. చేయి అలవాటు చొప్పున ముందు సంవత్సరం, తరవాత నెల, ఆ తరవాత రోజు వేసింది. మెషీనుకి రాసినట్టు.

"ఇదేంటమ్మా, తేదీ తలకిందులుగా వేశావు? ఎప్పుడూ తేదీ వేయలేదా?" అన్నాడు గుమాస్తా.

"ఆవిడకి అంతే. తేదీలు మెషీనుకైతే బాగా రాస్తుంది," అంది ఒక గొంతు పక్క నుంచి.

తేదీలక్క తల తిప్పలేదు. తిప్పితే ఆ గొంతు ఉండదేమోనని. కొట్టేసి, తేదీ తిన్నగా వేసి, రిజిస్టరు గుమాస్తా చేతికిచ్చి, అప్పుడు తిరిగింది.

చిట్టి కొంచెం లావైంది. చెవుల దగ్గర రెండు తెల్ల వెంట్రుకలు. చేతిలో చిన్న ప్రయాణం సంచీ. నడక చూడలేదు గానీ, నిలబడ్డం మారలేదు. ఒక కాలి మీద బరువంతా వేసి, అమ్మలాగే.

"ఎప్పుడొచ్చావు?"

"నీకంటే ముందే. జిరాక్స్ షాపులో కూర్చున్నా. పదిన్నర దాకా ఉంటావా, పదింటికే లేచిపోతావా చూద్దామని." చిట్టి మెట్ల వైపు చూసింది. "ఎవరిదా పెళ్లి?"

"తెలీదు."

"ముక్కూమొహం తెలీనివాళ్ల పెళ్లికి సాక్షివన్నమాట."

"ఊఁ."

చిట్టి మెట్టు మీద సంచీ పెట్టి, దాని పక్కన కూర్చుంది. మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు.

తేదీలక్కకి అబద్ధంలో ఉండటం చేతకాదు. "చిట్టీ," అంది, "ఆ మెసేజీలు నేను పంపలేదు. స్విచ్ పోయింది. మెషీను దానంతటదే పంపింది. నిన్ను ఎత్తిపొడవాలని కాదు."

"తెలుసు. నువ్వైతే పంపవు. ఆరేళ్ల నుంచి చూస్తున్నాగా." చిట్టి చీర అంచు మీద దారప్పోగు పీకుతోంది. "మొదట ఒళ్లు మండిపోయింది. రోజూ పొద్దున నా పెళ్లి రేపే అంటుంది. రాను పో అన్నా వినదు. తరవాత తరవాత... కాస్త ఆలస్యమైతే ఎదురుచూడ్డం మొదలైంది. అప్పుడు చిల్లు రోజని పెట్టి చూశా. అర్థం కాలేదంది. అయితే అక్క లేదన్నమాట, ఉత్త మెషీనే అనుకున్నా. చాలా కష్టమనిపించింది, తెలుసా?"

తేదీలక్క ఒళ్లో ఫోను మోత తగ్గించింది.

"మెసేజి మెషీనుది. చిల్లు మాత్రం నీదే," అంది చిట్టి. "అమ్మా నాన్నా చెప్పరుగా దానికి. అయినా సరే, ఇరవయ్యో తేదీ అంటే తప్పేమో అనుకున్నా. నాలుగో బుధవారం పై వారం కదా. క్యాలెండరు దించి వేలు పెట్టి లెక్కపెట్టా. శుక్రవారం మొదలైంది నెల. వరసల లెక్క మరిచిపోయా. మళ్లీ నువ్వే గెలిచావు."

"నీ దగ్గర క్యాలెండరుందా?"

"ఉంది. చిల్లుతోనే. ఏటా నేనే కొడతాను. మా పాప దానికి కన్నం అంటుంది, నేను కాదు చిల్లు అంటాను." ఎటో చూస్తూ అడిగింది, "వారం నుంచి ఆ మెసేజి రావట్లేదు. ఇక రాదా?"

"రాదు. స్విచ్ వేసేశారు."

"ఓహో." చిట్టి దారప్పోగు తెంపి గాలికి వదిలింది. "అయితే ఇక నువ్వే పంపాలి."

లోపల ఎవరో చప్పట్లు కొట్టారు. పెళ్లి అయిపోయినట్టుంది. కొత్త దంపతులు బయటికి వచ్చి, తమ సాక్షి ఎక్కడుందో వెతుక్కుని, ఆమెకి నమస్కారం పెట్టి వెళ్లారు. తేదీలక్కకి నమస్కారం తిరిగి పెట్టడం కూడా తోచలేదు.

"నా బండి సాయంత్రం," అంది చిట్టి లేచి. "మీ ఇంటికి రాను. ఇవాళే రాను. వచ్చినా పొయ్యి వెలిగించకూడదుగా."

"వెలిగించకూడదు."

"పద మరి, ఎక్కడైనా తిందాం. పొట్లాలు కట్టించుకుని."

సంచీ తేదీలక్క అందుకోబోయింది. చిట్టి ఇవ్వలేదు. రెండడుగులు వేశాక, ఏమనుకుందో, సంచీకున్న రెండు చెవుల్లో ఒకటి వదిలింది. ఆ బరువులేని సంచీని చెరొక చెవీ పట్టుకుని, ఎవరి పక్కకి వాళ్లు చూస్తూ, ఇద్దరూ రోడ్డు దాటారు.